వాగు దగ్గర బండ్లు నిలపరాదని బోర్డులు పెట్టాం, ఇప్పుడు రద్దీ గూడెం మీద పడింది

వాగొడ్డు_రైతు
ములుగు జిల్లాలో 163వ జాతీయ రహదారి నుంచి లోపలికి చీలే దారిలో మా ఊరు ఉంది. పేరు రాయడం లేదు, రాస్తే వచ్చే ఆదివారం మరో యాభై కార్లు దిగుతాయి. మా వాగుపై చెక్‌డ్యాం కట్టిన తర్వాత దాని దిగువన బండల మధ్య ఒక మడుగు ఏర్పడింది. ఒకప్పుడు ఊరి పిల్లలు మాత్రమే ఈత కొట్టేవారు. ఎవరో వీడియో తీసి పెట్టిన నాటి నుంచి వానాకాలం శని, ఆదివారాల్లో వరంగల్, కరీంనగర్ నుంచే కాక హైదరాబాద్ నుంచి కూడా జనం వస్తున్నారు. సరిగ్గా అదే కాలంలో మాకు నాట్లు పడతాయి. దారికి ఇరువైపులా కార్లు నిలిస్తే నారు కట్టలు వేసుకున్న ట్రాక్టర్ పొలం చేరదు. గట్ల మీద పగిలిన బీరు సీసాల పెంకులు నాటు వేసే ఆడవాళ్ల కాళ్లలో గుచ్చుకుంటున్నాయి.

గ్రామసభలో తీర్మానం చేసి, చెక్‌డ్యాం నుంచి బడి వరకు రోడ్డు పక్కన బండ్లు నిలపరాదని బోర్డులు పాతాం. వచ్చినవాళ్లు వాటిని గౌరవించారు, అందులో అబద్ధం లేదు. బడి దాటి గిరిజన గూడెంలోకి పోయి, అక్కడి వాళ్ల గడపల ముందు నిలిపి, నడుచుకుంటూ వాగుకు వస్తున్నారు. ఇప్పుడు గూడెం పెద్దలు మా మీద కోపంగా ఉన్నారు, వాళ్ల కోపం న్యాయమైనదే. ఇలాంటి ఇబ్బంది ఎదుర్కొన్న ఊర్లు ఏం చేశాయో తెలిసినవారు చెప్పండి.

ఓరుగల్లు_బిడ్డ
ఊరి పేరు దాచినా చెక్‌డ్యాం, మడుగు, బడి, గూడెం అన్నీ వరుసగా చెప్పేశారు. హన్మకొండ కుర్రాళ్లు సాయంత్రానికల్లా పటంలో వెతికి పట్టుకుంటారు.

హన్మకొండ_సైకిల్
నేను వచ్చేవాళ్లలో ఒకడిని కాబట్టి మా వైపు మాట కూడా వినండి. వాగు ప్రభుత్వానిది, అంటే అందరిదీ. నగరంలో ఈత కొలనుకు పోవాలంటే రుసుము, సభ్యత్వం, సమయపాలన అంటూ సవాలక్ష నియమాలు ఉంటాయి. వారమంతా గదుల్లో పనిచేసే వాడికి ఏడాదిలో నాలుగు నెలలు నిండుగా పారే నీళ్లు దొరికితే దానికీ తాళం వేస్తామంటే ఎట్లా? సీసాలు పగలగొట్టే పదిమంది కోసం పిల్లాపాపలతో వచ్చే వందమందిని ఆపడం సరికాదు.

వాగొడ్డు_రైతు
వాగుకు తాళం వేస్తామని నేను ఎక్కడా అనలేదు. మీరు నీళ్లలో సాయంత్రం దాకా ఉన్నా మాకు అభ్యంతరం లేదు. మీ కారు మా దారిలో సాయంత్రం దాకా ఉండటమే మా బాధ.

కొలతల_సారు
సర్వే విభాగంలో ఉద్యోగం చేసి విరమించినవాణ్ని కాబట్టి నాకు ముందుగా కొలతలే గుర్తుకొస్తాయి. ఒక వరుస బండ్ల కోసం వేసే పల్లె రోడ్డు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు. కారు వెడల్పు 1.8 మీటర్లు అనుకుందాం. రెండు వైపుల చక్రాలూ తారు మీదే ఉంచి నిలిపితే మిగిలేది రెండు మీటర్లకు లోపు. 108 అంబులెన్సు వెడల్పే దాదాపు రెండు మీటర్లు, ఆర్టీసీ బస్సు రెండున్నర. అంటే ఒక్క కారు అడ్డంగా ఉన్నా బస్సు ఆగిపోతుంది, రెండువైపులా నిలిపితే సైకిల్ కూడా పోదు. రోడ్డు పక్క మట్టి అంచుల మీదికి దింపుదామంటే వానాకాలంలో మన రేగడిలో చక్రం కూరుకుపోతుంది, అందుకే ఎవరూ దింపరు.

ఇక రెండో లెక్క. బండికీ బండికీ మధ్య ఖాళీ కలిపి ఒక కారుకు ఆరు మీటర్లు పట్టుకుంటే, కిలోమీటరు పొడవున ఒక వైపునే నూట అరవై దాకా కార్లు నిలుస్తాయి. మీరు బడి వరకు బోర్డులు పెట్టి ఆ చోటును తీసేశారు కానీ దాని తర్వాతి కిలోమీటరును తెరిచే ఉంచారు. బోర్డులు ఎక్కడ ఆగితే కార్ల వరుస అక్కడ మొదలవుతుంది. గూడెం దాటి మరో కిలోమీటరు పెట్టినా ఫలితం ఇదే, ఈసారి కోపం పక్క పంచాయతీ నుంచి వస్తుంది.

ఓరుగల్లు_బిడ్డ
ఆ లెక్కన బోర్డులు పెంచుకుంటూ పోతే చివరి బోర్డు హన్మకొండ చౌరస్తాలో పాతాల్సి ఉంటుంది.

కొలతల_సారు
మీరు నవ్వులాటకు అన్నా, ఆ మాటలో సగం నిజం ఉంది. ఆపాల్సింది వాగు దగ్గర కాదు, రహదారి నుంచి మీ ఊరికి చీలే మలుపు దగ్గర.

గోదారి_గట్టు
మాది వాజేడు వైపు. బొగత జలపాతం దగ్గర అటవీశాఖ వాళ్లు టికెట్టు పెట్టి, బండ్లకు ఒక చోటు చూపించి, అక్కడి నుంచి నడిపిస్తారు. నీటి ఉధృతి ఎక్కువైనప్పుడు గేటు దగ్గరే ఆపేస్తారు. ముల్లకట్ట దగ్గర గోదావరిపై వంతెన పడిన తర్వాత వరంగల్ వైపు నుంచి రాకపోకలు బాగా పెరిగాయి, ఆ ఏర్పాటు లేకపోతే ఊళ్లు నిలిచేవి కావు. బొగతకు ఒక గేటు, ఒక శాఖ, జీతానికి నిలబడే మనుషులు ఉన్నారు. మీ మడుగుకు నాలుగు దిక్కులా పొలం గట్లే దారులైతే టికెట్టు ఎవరు చింపుతారు? అందుకని బొగతను ఉన్నదున్నట్టు మీ ఊరికి తెచ్చుకోలేరు.

చట్టం_చదివినవాడు
బోర్డుల విషయంలో ఒక సంగతి చెప్పాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 117వ సెక్షన్ ప్రకారం బండ్లు ఎక్కడ నిలపవచ్చో నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది లేదా ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థది. స్థానిక సంస్థను సంప్రదించి ఆ నిర్ణయం తీసుకోవాలి. గ్రామసభ తీర్మానం ఎంత విలువైనదైనా, దాని ఆధారంగా పాతిన బోర్డు ఒక విన్నపం వంటిదే. వచ్చినవాళ్లు మర్యాదస్తులు గనుక పాటించారు. పాటించనివాడు వస్తే మీరు చేయగలిగింది పోట్లాట ఒక్కటే, ఆ పోట్లాటలో కేసు మీ మీదికే తిరగవచ్చు.

మీకు పనికొచ్చేది 115వ సెక్షన్. ప్రజల భద్రత కోసం గానీ సౌకర్యం కోసం గానీ ఒక నిర్దిష్టమైన రోడ్డు మీద బండ్ల రాకపోకలనే పరిమితం చేయవచ్చు. ఆ ఆంక్ష నెల రోజులకు మించకపోతే రాజపత్రంలో (గెజిట్‌లో) ప్రకటన కూడా అవసరం లేదు, అయితే స్థానికంగా అందరికీ తెలిసేలా చాటాలి. నాట్లు ముమ్మరంగా సాగే నెలకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఇక చట్టబద్ధంగా పార్కింగ్ నిషేధించిన చోట నిలిపిన బండిని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి 127వ సెక్షన్ కింద తొలగింపించవచ్చు. ఇక వరద భయం ఉన్నప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 163వ సెక్షన్ ఉండనే ఉంది. పాత 144 సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలవుతున్నది అదే. ఆ ఉత్తర్వు మామూలుగా రెండు నెలలకు మించి ఉండదు.

నర్సంపేట_నివాసి
115, 117, 127, 144, 163. మా ఊరి రైతు ఈ అంకెలు విని లాటరీ నంబర్లు అనుకుంటాడు. ఎవరి దగ్గరికి పోవాలో ఒక్క ముక్కలో చెప్పండి సారూ.

చట్టం_చదివినవాడు
తీర్మానం నకలుతో కలెక్టర్‌కు అర్జీ పెట్టండి, ఒక ప్రతి ఎస్పీకి ఇవ్వండి. అర్జీలో "పర్యాటకులను నిషేధించండి" అని రాయకండి. "ఫలానా దారిలో ఫలానా రోజుల్లో స్థానికులవి కాని నాలుగు చక్రాల వాహనాలను పరిమితం చేయండి" అని రాయండి. మొదటిది కోరిక, రెండవది చట్టంలో ఉన్న అధికారం.

మిర్చిబజ్జి_అక్క
మీరందరూ ఆపడం గురించే మాట్లాడుతున్నారు. మడుగు దగ్గర నాకు ఒక బండి ఉంది. బజ్జీలు, చాయ్, ఉడకబెట్టిన కంకులు అమ్ముతాను. నాలాంటి వాళ్లం అరడజను మందిమి ఉన్నాం, అందరమూ ఈ ఊరి ఆడవాళ్లమే. ఈ నాలుగు నెలల ఆదివారాలే మాకు పంట. బోర్డులు పెట్టిన తర్వాత బేరం తగ్గింది, ఎందుకంటే గూడెం నుంచి ఎండలో నడిచి వచ్చినవాళ్లు నేరుగా నీళ్లలోకి దిగి, చీకటి పడేలోపు తిరిగి నడవాలని తొందరగా వెళ్లిపోతున్నారు. రైతు అన్నకు దారి కావాలి, నాకు మనుషులు కావాలి. ఈ రెండింటికీ పొసగదని ఎందుకు అనుకుంటున్నారు?

హన్మకొండ_సైకిల్
అక్క చెప్పినదే నేను మొదట చెప్పాలనుకున్నది.

వాగొడ్డు_రైతు
మీరు చెప్పాలనుకున్నది అది కాదు గానీ, అక్క మాట నిజమే. మనుషులు వద్దని మేమూ అనడం లేదు.

పస్రా_పాత_డ్రైవర్
మనుషులను తేవచ్చు, కార్లను తేవక్కరలేదు. దీనికి మన పక్కనే ఉన్న సాక్ష్యం మేడారం జాతర. రెండేళ్లకోసారి ఆ నాలుగు రోజుల్లో వచ్చే జనంతో పోలిస్తే మీ మడుగు రద్దీ ఒక లెక్కలోనిది కాదు. అక్కడ ఆర్టీసీ బస్సులను తాడ్వాయి మీదుగా పంపిస్తారు, సొంత బండ్లను పస్రా దగ్గర మళ్లించి నార్లాపూర్ మీదుగా పోనిచ్చి, ఊరికి దూరంగా పొలాల్లో నిలిపిస్తారు. జంపన్నవాగులో స్నానానికి నడిచే పోతారు. బస్సులో వచ్చినవాడు అమ్మవార్ల గద్దెలకు దగ్గరగా దిగుతాడు, కారులో వచ్చినవాడు దూరంగా దిగి నడుస్తాడు. ఆ తేడా చూసి చాలామంది మరుసటి జాతరకు బస్సు ఎక్కుతారు. నేను ఆ దారిలో బస్సు నడిపినవాణ్ని కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

మీ ఊరి మలుపు దగ్గర ఒకటో రెండో ఎకరాలు చదును చేసి కార్లు అక్కడే ఆపండి. అక్కడి నుంచి ఊరి ఆటోలు నడవనివ్వండి. ఆటోవాళ్లకు కిరాయి, అక్కకు బేరం, రైతుకు దారి దొరుకుతాయి.

నర్సంపేట_నివాసి
జాతరకు ప్రభుత్వం నెలల ముందు నుంచి ఏర్పాట్లు చేస్తుంది, వేల మంది పోలీసులు వస్తారు. ఆదివారం మడుగు దగ్గరికి ఒక్క హోంగార్డు రావడమే గొప్ప. పోలిక అంతగా కుదరదు.

పస్రా_పాత_డ్రైవర్
పోలీసుల సంఖ్య గురించి నేను చెప్పలేదు, బండిని ముందే ఆపే పద్ధతి గురించి చెప్పాను. మలుపు ఒక్కటే కాబట్టి అక్కడ ఇద్దరు మనుషులు చాలు.

కొలతల_సారు
పాత డ్రైవర్ గారి మాటకు లెక్క జోడిస్తాను. తిరగడానికి, వెనక్కి తీయడానికి చోటు కలుపుకుంటే ఆరుబయట ఒక కారుకు దాదాపు 23 నుంచి 25 చదరపు మీటర్లు కావాలి. గుంట అంటే 101 చదరపు మీటర్లు, అంటే గుంటకు నాలుగు కార్లు. ఎకరానికి నూట అరవై. చెట్లు, నీళ్లు నిలిచే పల్లం, ఆటోలు తిరిగే చోటు తీసేస్తే నూట ఇరవై దగ్గర ఆగండి. మొరం పోసి రోలర్ తొక్కించకపోతే మొదటి వానకే బురదగుంట అవుతుంది.

అసలు లాభం వేరే ఉంది. ఎకరం నిండితే ఆ రోజుకు మలుపు మూసేస్తారు. కారుకు నలుగురు చొప్పున నూట ఇరవై కార్లంటే ఐదు వందల మందికి లోపు. మడుగు దగ్గర ఎంతమంది ఉండవచ్చో మీరే ముందు నిర్ణయించుకుని, దానికి తగినంత స్థలమే చదును చేయండి. రెండెకరాలు ఉన్నాయి కదా అని రెండూ తెరిస్తే గూడెం మీది రద్దీని తెచ్చి మడుగులో పోసినట్టే అవుతుంది.

అమ్మమ్మ_ఊరు
నేను అలాంటి వాగులోనే ఈత నేర్చుకున్నదాన్ని, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. సెలవులకు పిల్లలతో వచ్చినప్పుడు మమ్మల్ని కూడా మలుపు దగ్గర ఆపేస్తారా? బండి నంబరు చూస్తే మేమూ పట్నంవాళ్లలాగే కనిపిస్తాం.

వాగొడ్డు_రైతు
ఇంటి మనిషి ఎదురొచ్చి తీసుకుపోతే ఎవరూ ఆపరు. పెండ్లిళ్లకు, చావులకు వచ్చేవాళ్ల గురించి కూడా గూడెం పెద్దలు ఇదే అడిగారు. ఇంటికి ఒక చీటీ ఇద్దామనే ఆలోచన ఉంది. దాన్ని కారు అద్దం లోపల పెట్టుకుంటే చాలు.

ఓరుగల్లు_బిడ్డ
చీటీలు మొదలైతే ఊళ్లో ఉన్నట్టుండి అల్లుళ్ల సంఖ్య పెరుగుతుంది, చూసుకోండి.

హన్మకొండ_సైకిల్
మలుపు దగ్గర ఆపి ఆటో ఎక్కించడం నాకు సమ్మతమే. కానీ రుసుము పెడితే అది పేదవాడిని ఆపుతుందే గాని కారువాడిని ఆపదు. వంద రూపాయలకు హైదరాబాద్ కారు వెనక్కి పోదు, ముగ్గురు ఎక్కి వచ్చిన బైకు మాత్రం పోతుంది.

మిర్చిబజ్జి_అక్క
బైకులకు రుసుము వద్దు. ట్రాక్టర్‌కు అడ్డం పడేది బైకు కాదు. కారుకు మాత్రం తీసుకోండి, ఆ డబ్బు మహిళా సంఘం ఖాతాలో పడాలి. చెత్త ఏరే పని ఎటూ మాదే అవుతుంది కదా.

గోదారి_గట్టు
హన్మకొండ_సైకిల్ గారూ, ఇన్ని మాటల్లో నీళ్ల దగ్గర భద్రత గురించి ఎవరూ పెద్దగా ఎత్తలేదు. 2023 జూలై 26న వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గరి ముత్యంధార జలపాతానికి పోయిన దాదాపు 80 మంది తిరిగి వచ్చేటప్పుడు, మధ్యలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. రాత్రంతా గాలించి జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం, పోలీసులు వాళ్లను బయటకు తెచ్చారు. ఆ సమయంలోనే వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. వాగు పొంగడానికి మడుగు దగ్గరే వాన పడనక్కరలేదు, పైన గుట్టల్లో పడితే చాలు. మీరు ఎండలో ఈత కొడుతూ ఉండగానే నీళ్లు ఎర్రబడి చెత్త కొట్టుకు రావడం మొదలైతే గట్టెక్కడానికి ఎక్కువ సమయం ఉండదు. అప్పుడు అంబులెన్సు రావాలంటే కొలతల_సారు చెప్పిన ఆ రెండు మీటర్ల సందులోంచే రావాలి.

మలుపు దగ్గర కార్లు లెక్కపెట్టే మనిషి ఉంటే లోపల ఎంతమంది ఉన్నారో కూడా తెలుస్తుంది. చీకటి పడ్డాక ఒక కారు మిగిలితే ఎవరో తిరిగి రాలేదని అర్థం. రోడ్డు పొడవునా చెల్లాచెదురుగా నిలిపితే ఆ సంగతి ఎవరికీ తెలియదు.

నర్సంపేట_నివాసి
ఈ చివరి మాటతో నా అభిప్రాయం మారింది. మలుపు దగ్గర మనిషి ఉండాల్సిందే.

హన్మకొండ_సైకిల్
వాన సూచన ఉన్న రోజున మలుపు పూర్తిగా మూయండి, నేనేమీ అనను. ఆ సంగతి ముందు రోజే తెలిసేలా చేస్తే బండి తీయకముందే మానుకుంటాం.

వాగొడ్డు_రైతు
స్థలం విషయానికి వస్తే, మలుపు పక్కన గూడేనికే చెందిన ఒక కుటుంబానికి రెండెకరాల చెలక పడావు పడి ఉంది. హన్మకొండ నుంచి ఒకాయన వచ్చి ఐదేళ్లకు లీజుకు తీసుకుని పార్కింగ్ నడుపుతానన్నాడు. మంచి మొత్తమే చెప్పాడు, ఆ ఇంటివాళ్లు ఊగిసలాడుతున్నారు.

చట్టం_చదివినవాడు
ఆ లీజు చెల్లదు. మీది షెడ్యూల్డ్ ప్రాంతం (గిరిజనుల రక్షణకు ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతం) అయితే 1/70 అనే భూబదిలీ నిషేధ చట్టం వర్తిస్తుంది. గిరిజనుల భూమిని గిరిజనేతరులకు అమ్మడమే కాదు, కౌలుకు లేదా లీజుకు ఇవ్వడం కూడా బదిలీ కిందికే వస్తుంది. ఆయన ఎంత మొత్తం చెప్పినా కాగితం నిలవదు. భూమి ఆ కుటుంబం చేతిలోనే ఉంచి, వాళ్లే నడుపుకోవడమో, గూడెంలోని గిరిజన మహిళా సంఘంతో కలిసి నడుపుకోవడమో చేస్తే చిక్కు రాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఇలాంటి చోట్ల గ్రామసభ మాటకు బరువుంటుంది, కాబట్టి తీర్మానంలో నడిపేది ఎవరో, వచ్చిన డబ్బు ఎవరిదో స్పష్టంగా రాయించండి. భూమిని వ్యవసాయేతర అవసరానికి వాడాలంటే ఏం చేయాలో తహసీల్దార్ కార్యాలయంలో ముందే కనుక్కోండి.

పస్రా_పాత_డ్రైవర్
రద్దీ వల్ల నష్టపోయిన గూడెం చేతికే దాని మీద వచ్చే రాబడి పోతుంది కాబట్టి వాళ్ల కోపానికీ ఇదే మందు. ఆటోల వరుస కూడా వాళ్లకే మొదట ఇవ్వండి.

మిర్చిబజ్జి_అక్క
నా బండి కూడా మలుపుకు తెచ్చుకోనా, మడుగు దగ్గరే ఉండనా?

ఓరుగల్లు_బిడ్డ
మడుగు దగ్గరే ఉండు అక్కా. ఈత కొట్టినవాడికే ఆకలి, ఆటో దిగినవాడికి కాదు.

వాగొడ్డు_రైతు
గూడెం పెద్దలతో నిన్న రాత్రి మాట్లాడాను. ఎకరం మాత్రమే తెరుద్దామన్నారు, రెండో ఎకరంలో కంది వేసుకుంటారట. బైకులకు ఉచితం, కారుకు యాభై రూపాయలు అనే దగ్గర మాట ఆగింది, యాభై చాలదని కొందరి వాదన. మొరానికి ట్రాక్టర్లు మేం రైతులం పెడతామన్నాం. బోర్డులు బడి దగ్గరి నుంచి తీసి మలుపుకు మార్చాలంటే అది జాతీయ రహదారి అంచు కాబట్టి ఆ రహదారి అధికారుల అనుమతి కూడా కావాలని పంచాయతీ కార్యదర్శి అంటున్నాడు. అర్జీ ముసాయిదా ఎవరైనా చూసి పెడతారా?

చట్టం_చదివినవాడు
పంపండి. నాట్ల తేదీలు, బస్సు వేళలు, బడి పిల్లల సంఖ్య అందులో రాయండి, దారి మూసుకుపోయిన ఫొటోలు జతచేయండి. కార్ల నంబర్లు మాత్రం కనిపించకుండా చూసుకోండి.

కొలతల_సారు
రోడ్డు వెడల్పును టేపుతో మూడుచోట్ల కొలిచి, ఎక్కడ కొలిచారో గుర్తు రాసి జతచేయండి. నేను చెప్పిన 3.75 సాధారణ కొలత మాత్రమే, మీ రోడ్డు కొన్నిచోట్ల మూడు మీటర్లే ఉండవచ్చు. అలా ఉంటే మీ అర్జీకి అంతకన్నా బలమైన ఆధారం ఉండదు.